లోపం లేని పిస్టల్

చిన్న పిస్టల్ అమ్మడం కంటే పెద్ద రైఫిల్ అమ్మడం సుఖం. రైఫిల్ కొన్నవాడు ఏడాదికి రెండు వారాలు దాన్ని బయటికి తీస్తాడు. జింక పడితే తన గొప్ప అంటాడు, పడకపోతే వాన అంటాడు. చిన్న పిస్టల్ కొన్నవాడు దాన్ని జేబులో వేసుకుని రోజూ తిరుగుతాడు. దానికి చెమట పడుతుంది, నూగు పడుతుంది, పిప్పరమెంటు బిళ్ళల పొడి పడుతుంది. అసలే చిన్నది, లోపల స్ప్రింగు మహా బిగుతు. పట్టు కాస్త వదిలితే కాలిన తూటా ఖాళీ గుల్ల బయటికి రాక ఇరుక్కుంటుంది. ఇన్ని బాధలూ దానికి పెట్టి, అది ఒకనాడు మొరాయిస్తే తెచ్చి నా కౌంటర్ మీద పడేసి, "పనికిమాలిన సరుకు అంటగట్టావు" అంటాడు.

దుకాణం పెట్టిన నాటినుంచి నా జవాబు ఒకటే. "తుపాకీకి ఏమీ కాలేదు. తూటాలు మార్చు." నూటికి తొంభైమంది విషయంలో అది నిజం. మిగతావాళ్ళకి శుభ్రం చెయ్యడం చేతకాదు. నేనమ్మిన సరుకులో లేని దోషాన్ని నేను ఎన్నడూ ఒప్పుకోలేదు. పెన్సిల్వేనియా పడమటి కొండల్లో, గనులు మూతపడ్డ ఊళ్ళో, పెద్ద పెద్ద అంగళ్ళ పోటీకి తట్టుకుని నా దుకాణం నిలబడిందంటే ఆ మాట మీదే నిలబడింది. ఈ ఎమిల్ కోస్కో పేలుతుందంటే పేలుతుంది.

ఆ ఏడాది ఈస్టరుకి ముందు ఉపవాసాలుండే తపస్సు కాలం చలితో, బురదతో వచ్చింది. జింకల సీజన్ అయిపోయి చేపల సీజన్ మొదలవని ఆ రోజుల్లో బేరాలుండవు. తపస్సు మొదలయ్యే విభూది బుధవారం మరునాడు పొద్దున్నే స్టష్ దుకాణానికి వచ్చాడు. నా భార్య లొరేన్‌కి తమ్ముడు. గని మూసేశాక బడి బస్సు నడిపేవాడు, ఆ మధ్యే అదీ మానేశాడు. జింకల సీజన్ మొదటి వారంలో వాడి భార్య తెరీసా పోయింది.

వాడు తెచ్చిన పిస్టల్ నేనమ్మినదే. కొన్నది స్టష్ పేరు మీద, మోసింది తెరీసా. తను పనిచేసే మందుల దుకాణం మూసి తాళం వేసుకుని ఒంటరిగా కారు దాకా నడిచే మనిషి కాబట్టి చేతిసంచిలో పెట్టుకునేది.

"బావా, ఇది పేలలేదు," అన్నాడు.

"ఏ తూటాలు వేశావు?"

"దాన్లో ఉన్నవే. తెరీసా వేసుకున్నవే."

"ఎన్ని కాల్చావు?"

"కాలిస్తేగా! నొక్కాను, టక్కుమంది. అంతే." వాడి గొంతులో మోసపోయిన కొనుగోలుదారు కోపం ఉంది. "అవసరానికి ఆదుకుంటుందని నువ్వేగా చెప్పావు? ఈ కౌంటర్ దగ్గరే నిలబడి, తెరీసా ముందరే చెప్పావు."

"చెప్పాను."

కౌంటర్ చివర స్టూలు మీద బర్నీ కూర్చుని నా కాఫీ తాగుతున్నాడు. ఊళ్ళో అగ్నిమాపక దళానికి కోశాధికారి, వాళ్ళ శుక్రవారం విందుల్లో చేపలు వేయించేవాడు, కొనేది తక్కువ, కూర్చునేది ఎక్కువ. "పట్టు సరిగ్గా పట్టి ఉండవు స్టష్," అన్నాడు. "బస్సు స్టీరింగు పట్టినట్టు పడితే అది పేలదు."

"నీ చేపలేవో నువ్వు వేయించుకో, బర్నీ," అన్నాడు స్టష్.

తూటాలుండే మేగజైన్ బయటికి లాగాను. తూటాలన్నీ వేళ్ళకి అంటుకుంటున్నాయి. తలుపు కీళ్ళకి కొట్టే నూనె వాసన గుప్పున కొట్టింది. బారెల్‌లోంచి వెలుతురులోకి చూశాను. లోపల తెల్లటి నూగు సాలెగూడులా అడ్డంగా ఉంది. చాలాకాలంగా దాన్లోంచి ఒక్క తూటా కూడా వెళ్ళలేదు. స్టష్ విడిగా కాగితంలో చుట్టి తెచ్చిన తూటా తీసి చూశాను. తూటా అడుగున చిన్న బిళ్ళ ఉంటుంది. పిస్టల్ సూది దానికి తగిలితే నిప్పు పుడుతుంది. ఆ బిళ్ళ మీద సూది దెబ్బ నడిమధ్యన, లోతుగా, అందంగా పడింది. పిస్టల్ తన పని తాను చేసింది. నూనె లోపలికి దిగి తూటా చచ్చిపోయింది. ఇది పట్టుకోవడానికి నాకు కాఫీ గుటక వేసినంత సేపు పట్టలేదు.

అలవాటు ప్రకారం నోరు తెరిచాను. నా వెనక అలమరలో కొత్త తూటాల పెట్టెలు ఉన్నాయి. చెయ్యి చాస్తే అందుతాయి.

"క్లబ్బు రేంజ్‌కి వెళ్ళావా?" అని ఊరికే అడిగాను.

"లేదు."

"మరెక్కడ?"

"గరాజ్‌లో."

గరాజ్‌లో ఎవరూ గురి చూసుకోరు. స్టష్ నా వైపు చూడటం లేదు. గోడ మీది జింక తల గాజు కళ్ళ వైపు చూస్తున్నాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. తెరీసా పోయాక వాడి ఒంటి మీద ఇస్త్రీ చొక్కా చూడటం అదే మొదటిసారి.

నోరు మూసుకున్నాను. తర్వాత వేరే మాట బయటికి వచ్చింది. "సూది వెనక స్ప్రింగు పోయింది. కంపెనీకి పంపాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"చెప్పలేను. ఈ మధ్య ఈ రకంలో అన్నీ ఇలాగే వస్తున్నాయి."

బర్నీ కాఫీ కప్పు దించాడు. "అన్నీ అంటే? నా దగ్గరున్నది కూడా ఇదేగా!"

"నీది కూడా ఒకసారి పట్రా, చూస్తాను."

"మొన్న అమ్మేటప్పుడు గడియారం లాంటిదన్నావు కదయ్యా!"

"అన్నాను. ఇప్పుడిలా అంటున్నాను."

స్టష్ పిస్టల్ వైపు ఒకసారి చూశాడు. చాలా అలసిపోయినవాడిలా తల ఊపి, "త్వరగా తెప్పించు," అని వెళ్ళిపోయాడు. వాడి వెనకే బర్నీ కూడా లేచాడు. బర్నీ వెళ్ళిన జోరు చూస్తే, ఆ వార్త సాయంత్రానికి ఊరంతా చుట్టొస్తుందని తెలిసిపోయింది.

ఆ మధ్యాహ్నం దుకాణం పెందలాడే మూసి ఇంటికి వెళ్ళాను. లొరేన్ వంటింట్లో పిరోగీలకి, లోపల బంగాళాదుంప కూరి ఉడికించే కజ్జికాయల్లాంటి వాటికి, పిండి ఒత్తుతోంది.

"రేపటినుంచి స్టష్‌ని రోజూ ఇక్కడికి రమ్మను," అన్నాను.

"వాడు రాడు. భోజనానికి రమ్మని పిలిచి పిలిచి విసిగిపోయాను."

"భోజనానికని పిలవకు. పని ఉందను. ఏదో పాడైందను."

"ఇంట్లో ఏం పాడైందని?"

"ఏదో ఒకటి పాడు చెయ్యి."

లొరేన్ చేతులు ఆగిపోయాయి. "ఏమైంది ఎమిల్?"

"వాడి పిస్టల్ బాగుచెయ్యడానికి తీసుకున్నాను."

"దానికేమైంది?"

"ఏమీ కాలేదు."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. లొరేన్ పొయ్యి ఆపింది. పిండి చేతులతోనే కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను చెప్పనిదేదో అంతా విన్నట్టు, నా మొహంలో ఇంకేమైనా మిగిలిందా అని చూసింది. నేను సింకు దగ్గరికి వెళ్ళి, అక్కర్లేకపోయినా చేతులు కడుక్కున్నాను.

"వాడి దగ్గర నాన్న రైఫిళ్ళున్నాయి," అంది చివరికి.

"తెలుసు. అవి నా పని."

"మిగతాది నా పని."

మర్నాడు పొద్దున తనే స్వయంగా నేలమాళిగలోకి దిగి, నీళ్ళు తోడే మోటారు తీగ ఊడదీసింది. తమ్ముడికి ఫోన్ చేసి ఇల్లు మునిగిపోతోందని అరిచింది. వాడు పరుగెత్తుకొచ్చి తీగ తగిలించి, "ఎలక కొరికినట్టుంది అక్కా," అన్నాడు. ఆ ఎలక ఆ తర్వాత కిటికీలు పాడుచేసింది, మెట్లు పాడుచేసింది, పొయ్యి కూడా పాడుచేసింది. బాగుచేసేసరికి భోజనం వేళయ్యేది. వాడు తినేవాడు. మొదట్లో నాలుగు ముద్దలు.

తపస్సు కాలంలో శుక్రవారాలు మా ఊళ్ళో ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. అందరూ అగ్నిమాపక దళం హాల్లో చేపలు తింటారు. మాంసం మానేసిన పుణ్యం, దళానికి చందా రెండూ ఒకే పళ్ళెంలో. ఆ మొదటి శుక్రవారం స్టష్‌ని లొరేన్ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. మేం వరసలో నిలబడి ఉండగా, బర్నీ చేపల బాణలి వెనకనుంచి నన్ను చూశాడు.

"వినండమ్మా, వినండి! ఎమిల్ దుకాణంలో పిస్టల్ కొనేవాళ్ళు పక్కనే ఒక దుడ్డుకర్ర కూడా కొనుక్కోండి. అది పేలకపోతే ఇది పనికొస్తుంది!"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకో నాలుగు వారాలు సాగదీస్తారు.

"వేళాకోళం కాదు," అన్నాడు స్టష్, అందరికీ వినపడేలా. "నాది నిజంగానే పేలలేదు."

లొరేన్ తమ్ముడి పళ్ళెం కూడా తనే అందుకుంది. వరస ముందుకి కదిలింది.

బల్ల దగ్గర కూర్చున్నాక వాడితో అన్నాను. "నీ రైఫిళ్ళు పట్రా. దుకాణం ఖాళీ, విప్పి తుడిచి పెడతాను."

"ఎంత తీసుకుంటావు?"

"ఊరికే."

"నువ్వా? ఊరికేనా?" స్టష్ చెయ్యి చాపి నా నుదురు ముట్టి చూశాడు. "అక్కా, బావకి జ్వరమొచ్చినట్టుంది."

మళ్ళీ అందరూ నవ్వారు. మర్నాడు దుప్పట్లో చుట్టి నాలుగు రైఫిళ్ళు తెచ్చాడు. ఎందుకని అడగలేదు, బేరమాడలేదు. నేను వాటిని వెనక గదిలో సేఫ్‌లో పెట్టాను. పిస్టల్ పక్కనే.

ఆ తర్వాత నా అసలు నష్టం మొదలైంది. చిన్న పిస్టళ్ళు ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలుపెట్టాయి. ఊళ్ళో నేను ఆ రకం చాలామందికి అమ్మాను. సన్నగా, జేబులో ఇమిడేలా, ఎన్నడూ మొరాయించకుండా అంత నికార్సయిన సరుకు నా చేతుల మీదుగా మళ్ళీ పోలేదు. ప్రతిదాన్నీ దుకాణం వెనక ఇసుకగుట్టలోకి కాల్చి చూపించాను. ఒక్కటి తప్పలేదు. తప్పనందుకే వాళ్ళకి అనుమానం ఎక్కువైంది.

పావ్లిక్ నర్సు వచ్చినప్పుడు మాత్రం నాకు నిజంగా సిగ్గేసింది. కొండల మధ్య ఇళ్ళకి వెళ్ళి మంచాన పడ్డవాళ్ళకి మందులిచ్చే మనిషి. ఒక్కతే కారులో తిరుగుతుంది. కట్టు విప్పి వదిలేసిన కుక్కలుంటాయి, తాగి అరుగుల మీద కూర్చున్న కొడుకులుంటారు.

"నాకు కబుర్లొద్దు ఎమిల్," అంది. "నాది పేలుతుందా, పేలదా?"

"పేలుతుంది. నీ కళ్ళ ముందే కాల్చాను కదా."

"స్టష్‌ది కూడా పేలుతుందనే అమ్మావు."

దానికి నా దగ్గర జవాబుంది. ఆ జవాబు చెప్తే స్టష్ గరాజ్ సంగతి ఊరి నోట్లో పడుతుంది. పడితే వాడు మళ్ళీ మా గుమ్మం తొక్కడు. రెండు వైపులా తూచాను. ఆమెకి దగ్గర్లోని పట్నంలో ఇంకో దుకాణముంది, ఇంకో పిస్టల్ దొరుకుతుంది. లొరేన్‌కి ఇంకో తమ్ముడు దొరకడు.

"ఆ ఒక్కటీ అలా వచ్చింది," అన్నాను.

"ఒక్కటి చాలదూ?" పిస్టల్ కౌంటర్ మీద వదిలేసి వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ నా దుకాణానికి రాలేదు. ఆమెని నేను తప్పు పట్టను. ప్రాణం మీద నమ్మకం పెట్టుకునే వస్తువుని అనుమానంతో జేబులో వేసుకుని తిరగడం ఎవరివల్లా కాదు.

స్టష్ మాత్రం వారం వారం వచ్చేవాడు.

"వచ్చిందా?"

"రాలేదు."

"కంపెనీ వాళ్ళు ఏమంటున్నారు?"

"స్ప్రింగులు లేవంటున్నారు."

అబద్ధం చెప్పడం కష్టం కాదు. దాన్ని పోషించడం కష్టం. ప్రతివారం దానికి కొత్త మేత కావాలి. వాడు వచ్చే రోజు పొద్దున లేవగానే నాకు ఒళ్ళు బరువుగా ఉండేది. సేఫ్‌లో ఏ లోపమూ లేని పిస్టల్, బయట పరువు పోయిన నేను, మధ్యలో వాడు. లొరేన్ ఆ రోజుల్లో సరిగ్గా నిద్రపోలేదు. రక్తపోటు చూపించుకోవాలని చెప్పి తమ్ముణ్ణి తోడు తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. తను బయట కూర్చుని వాణ్ణి లోపలికి పంపింది. వాడు వారానికోసారి ఆ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడని తెలిసింది. వెళ్తున్నాడని తప్ప ఇంకేమీ నేను అడగలేదు.

చేపల సీజన్ ఇంకో వారంలో మొదలవుతుందనగా, ఒక మధ్యాహ్నం దుకాణంలో నేనొక్కణ్ణే గాలాల పెట్టెలు సర్దుతున్నాను. స్టష్ తలుపు తోసుకుని వచ్చాడు. లోపలికి వచ్చాక గడియ పెట్టాడు.

"కంపెనీకి నేనే ఫోన్ చేశాను," అన్నాడు. "నంబరు చెప్పాను. అలాంటి పిస్టల్ వాళ్ళ దగ్గరికి రానేలేదట."

నేను గాలాల పెట్టె మూత పెట్టాను.

"ఎక్కడుంది బావా?"

"వెనక. సేఫ్‌లో."

"బాగుచేశావా?"

"బాగుచెయ్యడానికి ఏముంది? మొదటినుంచీ బాగానే ఉంది."

"మరి ఎందుకు పేలలేదు?"

అన్నాళ్ళూ నేను తప్పించుకున్న ప్రశ్న అదే. ఇక అబద్ధాలకి ఓపిక లేదు. "తూటా చచ్చిపోయింది. తెరీసా నూనె."

"తెరీసా నూనె ఏంటి?"

"ఆ స్ప్రే డబ్బా నూనె. తూటాలు లోపలుండగానే కొట్టేది. ఒకసారి కాదు, ఏళ్ళ తరబడి కొట్టింది. అన్నీ తడిసి ముద్దయ్యాయి. దానికి నూనె పనికిరాదే అని నేను చెప్పే ఉంటాను. వింటుందా?"

స్టష్ కౌంటర్ అంచు పట్టుకున్నాడు. "తలుపులకీ అదే కొట్టేది," అన్నాడు మెల్లగా. "కుట్టుమిషన్‌కి అదే. నా బస్సు సీటు కిర్రుమంటోందంటే ఓసారి బస్సెక్కి దానికీ కొట్టింది. నెల్లాళ్ళు పిల్లల బట్టలన్నీ జిడ్డు." వాడి గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వు అనుకున్నాను. మొదట నవ్వే. తర్వాత వాడు ముఖం తిప్పుకున్నాడు. నేను గాలాల పెట్టె మళ్ళీ తెరిచి, సర్దినవే మళ్ళీ సర్దాను.

వాడు చొక్కా చేతితో మొహం తుడుచుకుని ఇటు తిరిగాడు. "అక్క అడిగేసింది. మొన్న మెట్లు బాగుచేస్తుంటే, సుత్తి అందిస్తూ మొహం మీదే అడిగింది."

"ఏం చెప్పావు?"

"ఉన్నదే చెప్పాను." కౌంటర్ మీదున్న ఒక గాలం వేలితో పక్కకి జరిపి, "కొట్టింది," అన్నాడు. "ఈ వయసులో. చెంప మీద. ఆ తర్వాత పిరోగీలు పెట్టింది."

"ఇప్పుడెలా ఉంది?"

"కొన్ని రోజులు బావుంటుంది. కొన్ని రోజులు బావుండదు. డాక్టర్ అలాగే ఉంటుందన్నాడు." వాడు నా వైపు సూటిగా చూశాడు. "నీ పేరు పాడైంది. బర్నీ ఇంకా ఆ దుడ్డుకర్ర మాట అంటూనే ఉన్నాడు. ఇదంతా నాకు అర్థం కాదనుకున్నావా?"

"పిస్టల్ నీ పేరు మీద ఉంది స్టష్," అన్నాను. "నీ సొత్తు. దాచి ఉంచే హక్కు నాకు లేదు. నువ్వు నోరు తెరిచి అడిగితే ఇప్పుడే తెచ్చి నీ చేతిలో పెట్టాలి. పెట్టడం నాకిష్టం లేదు. కానీ అడిగితే పెట్టాలి. అందుకే ఇన్నాళ్ళూ అబద్ధమాడాను. అడుగుతున్నావా?"

వాడు గడియ తీసి బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూశాను. వాడి ట్రక్కు దుకాణం ముందే బురదలో ఆగి ఉంది. లోపల కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఇంజను చప్పుడు రాలేదు. లొరేన్‌కి ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తి, ఏం చెప్పాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. గీతలు గీతలుగా వాన మొదలైంది.

ట్రక్కు తలుపు తెరుచుకుంది. స్టష్ చంకలో ఏదో పెట్టుకుని తల వంచుకుని తిరిగి వచ్చాడు. తెరీసా గిన్నెలు తుడుచుకునే గుడ్డలో చుట్టిన మూట కౌంటర్ మీద పెట్టాడు. విప్పి చూశాను. పాత రివాల్వర్. మా మామగారిది, గని దగ్గర కాపలా ఉన్ననాటిది. అదింకా ఉందని లొరేన్‌కి కూడా తెలియదు.

"దీనికి కూడా ఏదో లోపం ఉంది," అన్నాడు స్టష్. "చూడు."

విప్పి తూటాలన్నీ బయటికి తీశాను. చక్రం వేలితో తిప్పాను. వెన్నలా తిరిగింది. ముసలాయన దాన్ని ఎంత ముద్దుగా చూసుకున్నాడో ఆ ఇనుము చెప్తోంది.

"ఉంది," అన్నాను.

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"చెప్పలేను. ఇంత పాతదానికి సామాను దొరకదు."

"తొందరేం లేదులే," అన్నాడు వాడు. తడిసిన గుడ్డ మాత్రం తీసి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు.